లోకల్‌హోస్ట్:631 – ఇంటి లినక్స్‌లో ప్రింటర్ మొరాయిస్తే తెరవాల్సిన పేజీ

లినక్స్ వాడే ఇంట్లో ప్రింటర్ మొరాయించిందంటే చాలామంది మొదట చేసే పని ఒకటే. సెట్టింగ్స్‌లోకి వెళ్లి ప్రింటర్‌ను తీసేసి మళ్లీ చేరుస్తారు. ఒక్కోసారి పని జరుగుతుంది. ఎందుకు జరిగిందో మాత్రం తెలియదు, అందుకే వారం తిరక్కుండా మళ్లీ అదే గొడవ. ఆ సెట్టింగ్స్ కిటికీ వెనక అసలు పని చేసేది కప్స్ అనే సర్వర్. దానికి సొంత వెబ్ పేజీ ఉంది. బ్రౌజర్ అడ్రసు గడిలో లోకల్‌హోస్ట్, కోలన్, 631 అని కొడితే తెరుచుకుంటుంది. ఇంటర్నెట్ అక్కర్లేదు, ఆ పేజీ మీ కంప్యూటర్‌లోనే ఉంది. ఉబుంటు, డెబియన్, మింట్, ఫెడోరాల్లో ఇప్పుడు నడుస్తున్న 2.4 వరస వెర్షన్లను ఇంటి అవసరాల కోణంలో చూస్తే ఈ పేజీ ఎక్కడ ఆదుకుంటుంది, ఎక్కడ తికమక పెడుతుంది అన్నదే ఈ సమీక్ష.

ముందే చెప్పాల్సిన మాట: ప్రింట్ ఎక్కడ ఆగిపోయిందో తెలుసుకోవడానికి ఇంట్లో ఇంతకంటే మంచి సాధనం లేదు. డెస్క్‌టాప్ సెట్టింగ్స్ ‘ప్రింటర్ సిద్ధంగా లేదు’ లాంటి ఒక్క ముక్కతో సరిపెడతాయి. ఈ పేజీ మాత్రం క్యూ (ప్రింట్ల వరస) పరిస్థితి, జాబు (ప్రింట్‌కు పంపిన ఒక్కో పని) పరిస్థితి, ప్రింటర్‌ను చేరే దారి, చివరిగా వచ్చిన సందేశం, నాలుగూ విడివిడిగా చూపిస్తుంది. వాటిని చదవడం వస్తే చాలు, గుడ్డిగా తీసేసి చేర్చే పని తప్పుతుంది.

కప్స్‌ను మైకేల్ స్వీట్ 1997లో రాయడం మొదలుపెట్టారు. ఆపిల్ 2002లో దాన్ని మ్యాక్‌లోకి తీసుకుంది, 2007లో కోడ్ హక్కులే కొనుక్కుంది. 2019 చివర్లో స్వీట్ ఆపిల్ వదిలి వచ్చాక, 2020 నుంచి ఓపెన్‌ప్రింటింగ్ బృందం దగ్గర అభివృద్ధి సాగుతోంది. 2.4 వెర్షన్ 2021 నవంబరులో వచ్చింది. ఈ చరిత్రలో మనకు పనికొచ్చే ముక్క ఒకటుంది. కప్స్ మాట్లాడే భాష ఐపీపీ అనే ప్రింటింగ్ ప్రోటోకాల్, అది వెబ్ పేజీలు ప్రయాణించే హెచ్‌టీటీపీ మీదే నడుస్తుంది, దానికి కేటాయించిన పోర్టు 631. అంటే ప్రింట్లు వెళ్లే తలుపూ, ఈ పేజీ తెరుచుకునే తలుపూ ఒకటే. పేజీ అసలు తెరుచుకోకపోతే ముందు కప్స్ నడుస్తోందా అని చూడాలి. కాబట్టి మొదటి పరీక్ష అక్కడే అయిపోతుంది.

తలుపు దగ్గరే ఆగిపోతే

కనెక్ట్ కాలేకపోతున్నానని బ్రౌజర్ చెబితే కప్స్ నడవడం లేదని అర్థం. టెర్మినల్‌లో సిస్టమ్‌సీటీఎల్ స్టేటస్ కప్స్ అని అడిగి చూడండి. ఒక జాగ్రత్త: చాలా డిస్ట్రోల్లో (ఉబుంటు, ఫెడోరా లాంటి లినక్స్ రకాల్లో) ప్రింటర్ షేరింగ్ లేకపోతే కప్స్ కాసేపు పని లేకుండా ఉండి తనంతట తానే ఆగిపోతుంది, పని రాగానే లేస్తుంది. అందువల్ల ‘ఇన్‌యాక్టివ్’ అని కనిపించడమే తప్పు కాదు. దాన్ని లేపే కప్స్ డాట్ సాకెట్ అనేది యాక్టివ్‌గా ఉందా లేదా అన్నది చూడాలి. అదీ ఆగి ఉంటే స్టార్ట్ చేయండి, ఎనేబుల్ కూడా చేయండి, లేకపోతే రీబూట్ తర్వాత మళ్లీ మొదటికొస్తుంది. రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ లైట్ వెర్షన్ లాంటి చిన్న ఇన్‌స్టలేషన్లలో కప్స్ అసలు ఉండకపోవచ్చు, ఆప్ట్ కమాండ్‌తో వేసుకోవాలి.

పేజీ తెరుచుకుని ‘వెబ్ ఇంటర్‌ఫేస్ ఈజ్ డిసేబుల్డ్’ అంటే అది వేరే సంగతి. మ్యాక్‌లో మామూలుగా కనిపించేది ఇదే. కప్స్ బాగానే నడుస్తోంది, పేజీ ఒక్కటే మూసి ఉంది. కప్స్‌సీటీఎల్ కమాండ్‌కు వెబ్‌ఇంటర్‌ఫేస్ ఈక్వల్స్ యెస్ అని ఇస్తే తెరుచుకుంటుంది. ఆ ఆదేశం పేజీలోనే రాసి ఉంటుంది, అది మెచ్చుకోవాల్సిన విషయం.

తర్వాత వచ్చేది సర్టిఫికెట్ హెచ్చరిక. హోమ్, ప్రింటర్స్ ట్యాబులు మామూలుగానే తెరుచుకుంటాయి, కానీ అడ్మినిస్ట్రేషన్‌లో ఏదైనా మార్చబోతే ‘అప్‌గ్రేడ్ రిక్వైర్డ్’ అని చెప్పి హెచ్‌టీటీపీఎస్‌కు మారవచ్చు. సర్టిఫికెట్‌ను కప్స్ తనకు తానే తయారు చేసుకుంటుంది, బ్రౌజర్‌కు అది తెలియదు కాబట్టి ప్రమాదం అంటుంది. అడ్రసు గడిలో లోకల్‌హోస్ట్ ఉన్నంతవరకు అడ్వాన్స్‌డ్ నొక్కి ముందుకెళ్లడంలో ముప్పు లేదు. మాట్లాడుతున్నది మీ కంప్యూటర్ మీ కంప్యూటర్‌తోనే. బ్యాంకు సైటులో ఇలాంటి హెచ్చరిక వస్తే మాత్రం వెనక్కి రావాల్సిందే.

ఫైర్‌ఫాక్స్‌లో ఒక మొండి రకం ఉంది. సర్టిఫికెట్ సీరియల్ నంబరు మరోసారి వాడారంటూ ఆపేస్తుంది, ముందుకెళ్లే బటన్ కూడా ఇవ్వదు. సిస్టమ్ మళ్లీ ఇన్‌స్టాల్ చేసినప్పుడో, కంప్యూటర్ పేరు మార్చినప్పుడో కప్స్ కొత్త సర్టిఫికెట్ చేసుకుంటుంది. పాతది ఫైర్‌ఫాక్స్ దగ్గర మిగిలిపోతుంది. ఫైర్‌ఫాక్స్ సెట్టింగ్స్‌లో సర్టిఫికెట్ల జాబితాకు వెళ్లి, సర్వర్స్ కింద 631తో ఉన్న పాతవాటిని తీసేస్తే సరిపోతుంది.

ఇక పాస్‌వర్డ్. పేజీ అడిగేది ఏ పాస్‌వర్డో ఎక్కడా చెప్పదు. ఈ ఇంటర్‌ఫేస్‌లో పెద్ద లోపం ఇదేనని చెప్పాలి. అది ప్రింటర్ పాస్‌వర్డ్ కాదు, వైఫైది కాదు, మీరు కంప్యూటర్‌లో లాగిన్ అయ్యే పేరూ పాస్‌వర్డే. ఉబుంటులో సర్వాధికారాలున్న రూట్ ఖాతాకు పాస్‌వర్డ్ ఉండదు కాబట్టి రూట్ అని కొడితే కుదరదు. సరైన పాస్‌వర్డ్ ఇచ్చినా ‘ఫర్బిడెన్’ అని వస్తే, మీ ఖాతా అనుమతి ఉన్న గ్రూపులో లేదన్నమాట. డెబియన్ కుటుంబంలో ఆ గ్రూపు పేరు ఎల్‌పీఅడ్మిన్, మధ్యలో ఖాళీ లేకుండా. యూజర్‌మాడ్ కమాండ్‌తో చేర్చేటప్పుడు మైనస్ ఏ, పెద్ద జీ రెండూ ఉండాలి. ఏ మరిచిపోతే మీరు ఉన్న ఇతర గ్రూపులన్నీ పోతాయి, అడ్మిన్ కమాండ్లు నడిపే సుడో హక్కుతో సహా. ఫెడోరాలో వీల్ గ్రూపు ఉంటే చాలు. ఇంకోటి, ఈ పేజీలోని ఫారాలు కుకీ మీద ఆధారపడతాయి. కుకీలన్నీ ఆపేసిన బ్రౌజర్‌లో బటన్ నొక్కినా ఏమీ జరగనట్టే ఉంటుంది.

ప్రింటర్స్ ట్యాబ్‌లో చదవాల్సింది

అసలు విలువంతా ఇక్కడుంది. ప్రింటర్ పేరు మీద నొక్కితే పైన బ్రాకెట్లో రెండు మూడు పదాలు కనిపిస్తాయి: ఐడిల్ లేదా ప్రాసెసింగ్ లేదా పాజ్డ్, ఆ పక్కన యాక్సెప్టింగ్ జాబ్స్ లేదా రిజెక్టింగ్ జాబ్స్. చాలామంది ఈ రెండూ ఒకటే అనుకుంటారు. కాదు. హోటల్లో టోకెన్లిచ్చే కౌంటర్ వేరు, వంటగది వేరు. పాజ్డ్ అంటే వంటగది మూసేశారు, కౌంటర్ మాత్రం టోకెన్లు ఇస్తూనే ఉంది. జాబులు పేరుకుపోతాయి గానీ కాగితం బయటికి రాదు. రిజెక్టింగ్ అంటే కౌంటరే మూసేశారు. అప్పుడు జాబు క్యూలోకి కూడా రాదు, ప్రింట్ కొట్టిన అప్లికేషన్‌లోనే తప్పు కనిపిస్తుంది. మొదటిదానికి మందు మెయింటెనెన్స్ అనే జాబితాలో ‘రెజ్యూమ్ ప్రింటర్’, రెండోదానికి అదే జాబితాలో ‘యాక్సెప్ట్ జాబ్స్’.

రెజ్యూమ్ నొక్కేముందు జాబ్స్ ట్యాబ్ చూడండి. కాగితం రాలేదని ఇంట్లో ఒక్కొక్కరూ రెండేసిసార్లు ప్రింట్ కొట్టి ఉంటారు. తెలియకుండా రెజ్యూమ్ చేస్తే అన్నీ వరసగా వచ్చి పడతాయి, ఇరవై పేజీల ఫైలైతే కాగితాల కట్ట ఖాళీ. అక్కర్లేనివి క్యాన్సిల్ చేశాకే రెజ్యూమ్ చేయండి. జాబితాలో పేరు దగ్గర ‘అన్‌నోన్’ అనీ, యూజర్ దగ్గర ‘విత్‌హెల్డ్’ అనీ కనిపిస్తే కంగారు పడనక్కర్లేదు. లాగిన్ కానివారికి ఎవరు ఏం ప్రింట్ చేశారో కనబడకుండా కప్స్ దాచిపెడుతుంది, అంతే.

పాజ్ మనం చేయకుండానే ఎలా అయింది? ఎర్రర్ పాలసీ వల్ల. ప్రింట్ విఫలమైతే ఏం చేయాలో ప్రతి క్యూకూ ఒక నియమం ఉంటుంది. కొన్నిచోట్ల అది ‘స్టాప్ ప్రింటర్’గా ఉంటుంది: ప్రింటర్ ఒక్కసారి స్పందించకపోతే క్యూ మొత్తం ఆగుతుంది, ప్రింటర్ తిరిగి వచ్చినా క్యూ లేవదు. ఆఫీసులో నిర్వాహకుడు ఉంటాడు కాబట్టి అది సరే. ఇంట్లో ప్రింటర్‌ను పని పడ్డప్పుడే ఆన్ చేస్తాం, ముందు ప్రింట్ కొట్టి తర్వాత స్విచ్ వేయడం మామూలే. అలాంటి ఇంటికి ఆ నియమం సరిపడదు. అడ్మినిస్ట్రేషన్ జాబితాలో ‘సెట్ డీఫాల్ట్ ఆప్షన్స్’, అందులో పాలసీస్ ట్యాబ్, ఎర్రర్ పాలసీ దగ్గర ‘రీట్రై జాబ్’ పెట్టండి. మామూలు అమరికలో కొంత విరామమిస్తూ ఐదుసార్ల వరకు ప్రయత్నిస్తుంది. ‘రీట్రై కరెంట్ జాబ్’ పెడితే ఆ ఒక్క జాబునే పట్టుకుని వేలాడుతుంది, వెనకవాటికి దారివ్వదు. ‘అబార్ట్ జాబ్’ విఫలమైనదాన్ని వదిలేసి తర్వాతదానికి వెళ్తుంది. ఈ ఒక్క మార్పుతో ఇళ్లలో వచ్చే ‘ప్రింటర్ ఆగిపోయింది’ ఫిర్యాదుల్లో పెద్ద వాటా తీరిపోతుంది. ఇంత ఉపయోగపడే అమరికను ఎక్కడో లోపలి ట్యాబులో పెట్టడం బాగాలేదు.

జాబ్స్ ట్యాబ్‌లోనే ఇంకో సంగతి గమనించాలి. పూర్తయిన జాబుల పక్కన ‘రీప్రింట్ జాబ్’ బటన్ ఉంటుంది. కప్స్ మామూలు అమరికలో ప్రింటైన ఫైలును 86,400 సెకన్లు, అంటే ఒక రోజంతా డిస్కులో ఉంచుకుంటుంది. ప్రింటైన కాగితం నలిగిపోతే మళ్లీ తీసుకోవడానికి సౌకర్యమే. కానీ పదిమంది వాడే కంప్యూటర్‌లో ఆధార్, పాన్ కార్డుల కాపీలు తీస్తుంటే ఇది గుర్తుంచుకోవాలి. కప్స్ అమరికలుండే కప్స్‌డీ డాట్ కాన్ఫ్ ఫైల్లో ప్రిజర్వ్‌జాబ్‌ఫైల్స్ నో అని ఒక వరస రాస్తే ప్రింట్ కాగానే ఫైలు పోతుంది.

‘ఫిల్టర్ ఫెయిల్డ్’

తెలుగు రాష్ట్రాల్లో ఇళ్లలో, నెట్ సెంటర్లలో విరివిగా కనిపించే చిన్న లేజర్ ప్రింటర్లతో లినక్స్‌లో ఎక్కువగా ఎదురయ్యే సందేశం ఇది. కేబుల్ బాగుంది, ప్రింటర్ ఆన్‌లో ఉంది, జాబు క్యూలోకి వచ్చింది, కానీ పేజీని ప్రింటర్ భాషలోకి మార్చే ఫిల్టర్ అనే ప్రోగ్రాం మధ్యలో చతికిలబడింది. కేబుల్ మార్చడం, పోర్టు మార్చడం ఇక్కడ వృథా. తప్పు డ్రైవర్‌లో ఉంది.

హెచ్‌పీ లేజర్‌జెట్ 1020 ప్లస్, పీ1007, పీ1008 లాంటివాటికి సొంత బుర్ర తక్కువ. 1020 అయితే స్విచ్ వేసిన ప్రతిసారీ కంప్యూటర్ నుంచే ఫర్మ్‌వేర్ (తనను నడిపే ప్రోగ్రాం) ఎక్కించుకోవాలి. హెచ్‌పీ ఇచ్చే హెచ్‌పీఎల్‌ఐపీ ప్యాకేజీతో పాటు విడిగా ఒక ప్లగిన్ దించుకోవాలి, అది ఓపెన్ సోర్స్ కాదు కాబట్టి డిస్ట్రోలు కలిపి ఇవ్వవు. ప్లగిన్ వెర్షన్, హెచ్‌పీఎల్‌ఐపీ వెర్షన్ అచ్చంగా ఒకటే ఉండాలి. ఉబుంటు కొత్త విడుదలకు మారిన మర్నాడు ప్రింటర్ ఆగిపోవడానికి కారణం ఇదే: హెచ్‌పీఎల్‌ఐపీ కొత్తదైంది, ప్లగిన్ పాతదే. టెర్మినల్‌లో హెచ్‌పీ హైఫన్ ప్లగిన్ కమాండ్ నడిపి, కొత్త ప్లగిన్ దించుకుని, ప్రింటర్‌ను ఒకసారి ఆపి వేస్తే సరి. ఈ ప్లగిన్ గోల వద్దనుకుంటే ఫూటుజెడ్‌జేఎస్ అనే ఓపెన్ సోర్స్ డ్రైవర్ ఉంది. ఏదో ఒకటే వాడండి. రెండూ వేస్తే ఫర్మ్‌వేర్ ఎవరు ఎక్కించాలన్న దగ్గర తగాదా వస్తుంది.

కెనాన్ ఎల్‌బీపీ 2900బీ ఇంకా మొండిది. దానికి కెనాన్ ఇచ్చే క్యాప్ట్ అనే డ్రైవర్ ప్రింటర్‌తో నేరుగా మాట్లాడదు, మధ్యలో సీసీపీడీ అనే చిన్న సేవ నడుస్తూ ఉండాలి. అందుకే వెబ్ పేజీలో యాడ్ ప్రింటర్ నొక్కి జాబితాలో కనిపించిన యూఎస్‌బీ ప్రింటర్‌ను ఎంచుకుంటే పని చేయదు. దాని కనెక్షన్ సీసీపీతో మొదలై లోకల్‌హోస్ట్, పోర్టు 59687 అని ఉండాలి. అసలు యూఎస్‌బీ దారిని సీసీపీడీకి విడిగా చెప్పాలి. క్యాప్ట్‌లో కొన్ని భాగాలు 32 బిట్‌వి, 64 బిట్ సిస్టంలో 32 బిట్ లైబ్రరీలు లేకపోతే మళ్లీ ఫిల్టర్ ఫెయిల్డే. పాత బ్రదర్ డ్రైవర్లదీ ఇదే కథ. ఇక్కడ ఈ పేజీ పరిమితి తెలుస్తుంది: ఫిల్టర్ పడిపోయిందని చెబుతుంది గానీ ఏ లైబ్రరీ లేకపోవడం వల్లో చెప్పదు.

అది చెప్పేది లాగ్. అడ్మినిస్ట్రేషన్ ట్యాబులో సర్వర్ సెట్టింగ్స్ కింద ‘సేవ్ డీబగ్గింగ్ ఇన్ఫర్మేషన్ ఫర్ ట్రబుల్‌షూటింగ్’ అనే గడి ఉంటుంది. టిక్ పెట్టి ‘చేంజ్ సెట్టింగ్స్’ నొక్కండి, సర్వర్ రీస్టార్ట్ అవుతుంది, కొన్ని సెకన్లు ఆగండి. ఒకే ఒక్క పేజీ ప్రింట్ ఇవ్వండి. జాబ్స్ ట్యాబ్‌లో ఆ జాబు నంబరు రాసుకుని ‘వ్యూ ఎర్రర్ లాగ్’ తెరవండి. ప్రతి వరసా ఒక అక్షరంతో మొదలవుతుంది: ఈ అంటే తప్పు, డబ్ల్యూ అంటే హెచ్చరిక, ఐ సమాచారం, డీ వివరం. బ్రౌజర్‌లో కంట్రోల్ ఎఫ్ నొక్కి జాబు నంబరుతో వెతుకుతూ, ఫిల్టర్ ఆగిందని చెప్పే వరస దగ్గరికి వెళ్లి, అక్కడి నుంచి పైకి పది ఇరవై వరసలు చదవండి. ఫైలు లేదు, అనుమతి లేదు, ప్లగిన్ లేదు, వీటిలో ఏదో ఒకటి దొరుకుతుంది. కారణం ఎప్పుడూ చివరి వరసకు పైనే ఉంటుంది. పనయ్యాక టిక్ తీసేయండి, లేదంటే లాగ్ నానాటికీ పెరుగుతూ పోతుంది.

దారి తప్పిన ప్రింటర్

జాబు ‘ప్రాసెసింగ్’లోనే నిలబడిపోతే చూడాల్సింది ప్రింటర్ పేజీలోని కనెక్షన్ వరస. యూఎస్‌బీ ప్రింటరైతే అందులో సాధారణంగా సీరియల్ నంబరు ఉంటుంది. ‘వెయిటింగ్ ఫర్ ప్రింటర్ టు బికమ్ అవైలబుల్’ అంటే ఆ సీరియల్ ఉన్న ప్రింటర్ ఇప్పుడు కనబడటం లేదని. స్విచ్ వేయలేదేమో, కేబుల్ వదులేమో, లేదా అదే మోడల్ వేరే ప్రింటర్‌ను తగిలించారేమో.

వైఫై ప్రింటరైతే అనుమానించాల్సింది ఐపీ అడ్రసును. సాకెట్, 192.168.1.20, పోర్టు 9100 ఈ తరహాలో కనెక్షన్ ఉంటే ఆ అంకె రౌటర్ ఇచ్చింది. కరెంటు పోయి వచ్చినప్పుడు రౌటర్, ప్రింటర్, టీవీ, ఫోన్లు అన్నీ ఒకేసారి లేచి అడ్రసులు అడుగుతాయి. ప్రింటర్‌కు 20 బదులు 23 దక్కితే కప్స్ ఇంకా 20 తలుపే తడుతుంటుంది. ప్రింటర్ తెరమీద నెట్‌వర్క్ వివరాల్లో కనిపించే అంకెతో పోల్చి చూస్తే తేలిపోతుంది. శాశ్వత పరిష్కారం రౌటర్ పేజీలో డీహెచ్‌సీపీ రిజర్వేషన్, అంటే ప్రింటర్ మ్యాక్ అడ్రసుకు (దాని నెట్‌వర్క్ గుర్తింపు సంఖ్యకు) ఒక ఐపీ కేటాయించడం. లేదా ‘మాడిఫై ప్రింటర్’లో డీఎన్ఎస్ఎస్‌డీతో మొదలయ్యే కనెక్షన్ ఎంచుకోవచ్చు, అది అంకెతో కాకుండా పేరుతో వెతుకుతుంది. అప్పుడు డాట్ లోకల్‌తో ముగిసే పేరు దొరకలేదని వస్తే ఆ పేర్లను వెతికిపెట్టే అవాహీ సేవ ఆగిందేమో చూడాలి. ప్రింటర్‌ను గెస్ట్ వైఫైకి కలిపి, కంప్యూటర్‌ను అసలు వైఫైలో ఉంచినా ఒకదానికొకటి కనబడవు. ఇళ్లలో వాడే ఇంక్‌ట్యాంక్ ప్రింటర్లలో చాలావాటికి 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే వస్తుంది, రౌటర్‌లో దాన్ని ఆపేసి 5 ఒక్కటే ఉంచితే ప్రింటర్ ఎక్కడా కలవదు.

ఒకే ప్రింటర్ రెండు మూడు పేర్లతో కనిపించడం ఇంకో తికమక. కప్స్ బ్రౌజ్డ్ అనే తోడు సేవ నెట్‌వర్క్‌లో కనిపించిన ప్రింటర్లను తనంతట తాను చేరుస్తుంది. అలా వచ్చినదాన్ని ఈ పేజీలో డిలీట్ చేసినా మళ్లీ ప్రత్యక్షమవుతుంది. ఇంట్లో ఒకే ప్రింటర్ ఉండి, దాన్ని మీరే చేర్చుకుని ఉంటే ఆ సేవను ఆపేయడమే మేలు. 2024 సెప్టెంబరులో బయటపడ్డ కప్స్ భద్రతా లోపాల్లో మొదటి తలుపు అదే: యూడీపీ 631 మీద ఎవరు ఏ ప్రింటర్ ఉందని చెప్పినా నమ్మేది. అప్‌డేట్లు వచ్చాయి, వేసుకోండి. సర్వర్ సెట్టింగ్స్‌లో ‘అలౌ ప్రింటింగ్ ఫ్రమ్ ది ఇంటర్నెట్’ గడిలో మాత్రం ఎప్పుడూ టిక్ పెట్టొద్దు. ఇంట్లో ఫోన్ల నుంచి ప్రింట్ తీయడానికి ‘షేర్ ప్రింటర్స్’ ఒక్కటి చాలు, దానితో పాటు ఆ ప్రింటర్ మాడిఫై పేజీలో ‘షేర్ దిస్ ప్రింటర్’ కూడా పెట్టాలి. రెండింట్లో ఒకటే పెట్టి, ఫోన్‌లో కనబడటం లేదని వెతుక్కునేవాళ్లు చాలామంది. ఫైర్‌వాల్ ఉంటే టీసీపీ 631 తెరవాలి. రాస్ప్‌బెర్రీ పై మీద కప్స్ పెట్టి, ఐపీతో తెరిస్తే పేజీ వస్తూ, రౌటర్ ఇచ్చిన పేరుతో తెరిస్తే ‘బ్యాడ్ రిక్వెస్ట్’ వస్తుంటే ఆ పేరును కప్స్‌డీ డాట్ కాన్ఫ్‌లో సర్వర్‌ఏలియాస్‌గా రాయాలి.

కొత్త యూఎస్‌బీ ప్రింటర్లలో ఐపీపీ యూఎస్‌బీ అనే సేవ పని చేస్తుంది. దానివల్ల కేబుల్‌తో ఉన్న ప్రింటర్ కూడా నెట్‌వర్క్ ప్రింటర్‌లా కనిపిస్తుంది, డ్రైవర్ అక్కర్లేదు. అప్పుడు లోకల్‌హోస్ట్ 60000 పోర్టులో ఇంకో పేజీ తెరుచుకుంటుంది. అది ప్రింటర్ సొంత పేజీ. ఇంకు మట్టం, హెడ్ శుభ్రం, వైఫై అమరిక అక్కడ ఉంటాయి. క్యూ, జాబులు, కాగితం సైజు కప్స్ పేజీలో ఉంటాయి. ఒకదానిలోది ఇంకొకదానిలో వెతికితే దొరకదు.

చేర్చేటప్పుడే సరిచేయాల్సినవి

యాడ్ ప్రింటర్ దశలు సూటిగానే ఉంటాయి. లోకల్ లేదా డిస్కవర్డ్ నెట్‌వర్క్ ప్రింటర్స్ కింద మీది ఎంచుకోవాలి, పేరు ఇవ్వాలి, మోడల్ ఎంచుకోవాలి. పేరులో ఖాళీ, స్లాష్ (ఏటవాలు గీత), హ్యాష్ గుర్తు ఉండకూడదు. డిస్క్రిప్షన్, లొకేషన్ గడుల్లో తెలుగులో రాసుకోవచ్చు, ‘ముందు గది కెనాన్’ అని పెడితే ఇంట్లో పెద్దవాళ్లకూ అర్థమవుతుంది. పేజీ మాత్రం తెలుగులో లేదు, ఆ లోటు తీరాలి. మోడల్ జాబితాలో ఐపీపీ ఎవ్రీవేర్ లేదా డ్రైవర్‌లెస్ అని ఉన్నది కనిపిస్తే కంపెనీ డ్రైవర్ కంటే దానికే మొగ్గు చూపండి. పీపీడీ అనే ప్రింటర్ వివరాల ఫైళ్ల మీద నడిచే పాత డ్రైవర్లకు రాబోయే కప్స్ 3లో చోటు లేదు. కొత్త ప్రింటర్ కొనేవాళ్లు పెట్టె మీద ఎయిర్‌ప్రింట్ (డ్రైవర్ లేకుండా ప్రింట్ తీసే ఏర్పాటు) అని ఉందో లేదో చూసుకుంటే లినక్స్ ఇబ్బందుల్లో సగం కొనేటప్పుడే పోతాయి.

చేర్చిన వెంటనే వచ్చే డీఫాల్ట్ ఆప్షన్స్ పేజీని దాటేయొద్దు. సిస్టం భాష అమెరికా ఇంగ్లీషుగా ఉంటే కాగితం సైజు లెటర్‌గా వచ్చేస్తుంది. లెటర్ 216 మిల్లీమీటర్ల వెడల్పు, 279 పొడవు. మన ఏ4 210 వెడల్పు, 297 పొడవు. తేడా కొద్దిదే, కానీ ఫలితం స్పష్టం: పక్క అంచు తెగుతుంది, లేదా కాగితం ట్రేలో ఉన్నా ప్రింటర్ కాగితం అడుగుతూ లైటు వెలిగిస్తూ కూర్చుంటుంది. మీడియా సైజ్ దగ్గర ఏ4 పెట్టి సేవ్ చేయండి. అప్లికేషన్లు తమ పాత ఎంపికను గుర్తుపెట్టుకుంటాయి కాబట్టి బ్రౌజర్, లిబ్రేఆఫీస్ ప్రింట్ కిటికీల్లో కూడా ఒకసారి మార్చాలి.

చివరిగా మెయింటెనెన్స్‌లో ‘ప్రింట్ టెస్ట్ పేజ్’. అది శుభ్రంగా వచ్చి, మీ ఫైలు మాత్రం రాకపోతే కప్స్‌ను వదిలేసి ఫైలును చూడండి. తెలుగు విషయంలో ఇది తరచూ జరుగుతుంది. యూనికోడ్‌లో ఉన్నదాన్ని లిబ్రేఆఫీస్ నుంచో బ్రౌజర్ నుంచో ప్రింట్ ఇస్తే ఫాంటు ఫైలులోనే వెళ్తుంది, అక్షరాలు చెదరవు. డీటీపీ సెంటరు నుంచి అను ఫాంటుతో టైపు చేసిన వర్డ్ ఫైలు వస్తే, ఆ ఫాంటు మీ కంప్యూటర్‌లో లేనప్పుడు తెరమీదే అర్థంకాని ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కనిపిస్తాయి, కాగితం మీదా అవే వస్తాయి. ప్రింటర్‌ను ఎన్నిసార్లు తీసి పెట్టినా అది మారదు. ఆ సెంటరువాళ్లను వర్డ్ ఫైలు కాకుండా పీడీఎఫ్ చేసి పంపమనండి.